సర్వీసింగ్ నుంచి వచ్చాక గేర్లు మొరాయిస్తున్నాయా? గేర్‌బాక్స్ దించే ముందు తేల్చుకోవాల్సినవి

క్లుప్తంగా: మామూలు సర్వీసింగ్ తర్వాత వచ్చే గేర్ల ఇబ్బందుల్లో చాలావాటికి మూలం గేర్‌బాక్స్ లోపల ఉండదు, దాని చుట్టుపక్కల ముట్టుకున్న వాటిలో ఉంటుంది. ఆయిల్ మట్టం, ఆయిల్ రకం, బ్యాటరీ, కనెక్టర్లు, క్లచ్ లైన్‌లో గాలి. ఇవి చూడకుండా గేర్‌బాక్స్ దించడానికి ఒప్పుకోవద్దు. షెడ్డు నుంచి బయటికొచ్చాక ఎన్ని కిలోమీటర్లకు తేడా మొదలైందన్నది అన్నిటికన్నా గట్టి ఆధారం. ఇంజిన్ అరుస్తూ బండి కదలకపోతే మాత్రం ఇంకొంచెం నడిపి చూద్దామనుకోకూడదు.

విజయవాడలో కారు సర్వీసింగ్‌కి ఇవ్వడం పెద్ద పనేం కాదు. ఆటోనగర్ ఉంది, బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు వెంబడి వర్క్‌షాపులున్నాయి. పొద్దున ఇస్తే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు మార్చి, బ్రేకులు శుభ్రం చేసి, వాటర్ వాష్ కొట్టి సాయంత్రానికి చేతికిస్తారు. మర్నాడు గుంటూరు బయల్దేరితే వారధి దాటేసరికి కారు జెర్క్ కొట్టడం మొదలవుతుంది, లేదంటే కాజ టోల్‌గేటు దగ్గర ఆగి మళ్లీ కదిలించబోతే ఇంజిన్ గట్టిగా అరుస్తుందే తప్ప బండి ముందుకు పోదు. వెనక్కి తీసుకెళ్తే మెకానిక్ "మేం గేర్‌బాక్స్ జోలికే పోలేదండి" అంటాడు. ఓనరు "ఇక్కడికి తెచ్చినప్పుడు బాగానే ఉంది కదా" అంటాడు. చిక్కేమిటంటే చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

మాట మీద మాట పెరిగి, చివరికి "గేర్‌బాక్స్ దించి చూడాలి" అనే దగ్గర ఆగుతుంది. ఒకసారి దించారంటే లేబర్ ఖర్చు మొదలైనట్టే, పైగా అసలు కారణం బయటే ఉండి ఉంటే దాని ఆనవాళ్లు కూడా ఆ విప్పదీతలో పోతాయి. అందుకే వరస ముఖ్యం.

గేర్‌బాక్స్‌ని ముట్టుకోకుండానే గేర్లు పాడయ్యే దారులు

ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, దాని పక్కనే గేర్‌బాక్స్. బానెట్ తెరిచి చూస్తే గేర్‌బాక్స్ సరిగ్గా కనపడదు కూడా, ఎందుకంటే దాని పైనే బ్యాటరీ ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ మార్చడానికి డబ్బా తీశారన్నా, బ్యాటరీ టెర్మినల్ శుభ్రం చేశారన్నా చెయ్యి గేర్‌బాక్స్ మీదుగానే వెళ్లింది. గేరు కేబుళ్లు, సెన్సర్ వైర్లు, ఎర్త్ వైరు అన్నీ అక్కడే. ఒక క్లిప్పు సరిగ్గా కూర్చోకపోయినా, ఎర్త్ బోల్టు అర చుట్టు వదులుగా ఉన్నా గేర్లలో తేడా వస్తుంది. లోపలి పళ్లకి ఏమీ కాలేదు.

మాన్యువల్ కార్లలో తరచుగా కనిపించేది, కానీ అంతగా ఎవరూ చెప్పనిది ఇంకొకటుంది. సర్వీసింగ్‌లో బ్రేక్ ఫ్లూయిడ్ మారుస్తారు. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న చాలా కార్లలో క్లచ్‌కి వేరే డబ్బా ఉండదు, ఆ బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బాకే పక్కన ఒక సన్న గొట్టం ఉండి క్లచ్‌కి వెళ్తుంది. ఆ గొట్టం డబ్బాకి కాస్త పైన తగిలించి ఉంటుంది. ఫ్లూయిడ్ లీకైనా బ్రేకులకి మాత్రం చివరిదాకా మిగలాలని అలా పెడతారు, మంచి ఆలోచనే. కానీ బ్రేక్ ఫ్లూయిడ్ మార్చేటప్పుడు డబ్బాలో మట్టం ఒక్క నిమిషం కిందికి జారితే ముందుగా గాలి పీల్చేది క్లచ్ లైనే. గాలి నొక్కుకుపోతుంది, ఫ్లూయిడ్ నొక్కుకుపోదు. దాంతో పెడల్ సగం దాకా ఊరికే మెత్తగా దిగుతుంది, క్లచ్ పూర్తిగా విడిపోదు, ఫస్ట్ గేరు గట్టిగా ఉంటుంది, రివర్స్ వేస్తే కర్రుమంటుంది. క్లచ్ ప్లేట్ పోయిందని చెప్పడానికి అచ్చం సరిపోయే లక్షణాలివి! నిజానికి కావాల్సింది క్లచ్ లైన్‌లో గాలి తీయడం, అరగంట పని. పెడల్‌ని గబగబా నాలుగైదు సార్లు తొక్కి గేరు వేసి చూస్తే, అప్పుడు సులువుగా పడితే, అనుమానం గాలి మీదికే వెళ్లాలి.

ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయడం కూడా ఇలాంటిదే. మసి పేరుకున్న థ్రాటిల్‌కి అలవాటుపడిన కంప్యూటర్, శుభ్రం చేశాక కూడా అంతే తెరుస్తుంది, గాలి ఎక్కువ పోయి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పెరుగుతుంది. ఆటోమేటిక్‌లో న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కి మార్చగానే కారు ఎగిరి పడినట్టు అవుతుంది. కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్‌తో ఐడిల్ మళ్లీ నేర్పిస్తే సర్దుకుంటుంది.

ఇక వాటర్ వాష్. ఇంజిన్ మీద ప్రెషర్ గన్‌తో కొట్టిన నీళ్లు గేర్‌బాక్స్ కనెక్టర్లలోకి వెళ్తే ఆ రోజు ఏమీ తెలియకపోవచ్చు, రెండు మూడు రోజులకు డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది. ఇంజిన్ పై భాగం తుడిస్తే చాలు, గన్ వద్దు అని జాబ్ కార్డు మీదే రాయించుకోవడం మంచిది.

పక్కపక్కనే రెండు డ్రెయిన్ బోల్టులు

సర్వీసింగ్ పొరపాట్లలో ఇది అన్నిటికన్నా ఖరీదైనది. కారు లిఫ్ట్ మీదికి ఎక్కాక కింద నిలబడి చూస్తే ఇంజిన్‌కి ఒక డ్రెయిన్ బోల్టు, గేర్‌బాక్స్‌కి ఇంకొకటి కనిపిస్తాయి. కొన్ని మోడళ్లలో రెండూ జానెడు దూరంలో, ఒకే రకంగా ఉంటాయి. కొత్త కుర్రాడు, సాయంత్రం హడావుడి, ఇంజిన్ ఆయిల్ బోల్టు అనుకొని గేర్‌బాక్స్‌ది విప్పేస్తాడు. పది వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ ఆయిల్ నల్లగా, పల్చగా, వేడిగా దిగుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ అంత నల్లగా ఉండదు, మాన్యువల్‌దైతే తేనె రంగులో, ఆటోమేటిక్‌దైతే చాలా కార్లలో ఎర్రగా ఉంటుంది. అనుభవం ఉన్న మేస్త్రీ ధార రంగు చూసి అక్కడే పట్టేస్తాడు. చూడకపోతే బోల్టు బిగించి, పైకొచ్చి ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసేస్తారు.

అంటే ఒకే పొరపాటుకి రెండు దెబ్బలు. గేర్‌బాక్స్ ఎండిపోయింది, ఇంజిన్‌లో ఉండాల్సిన ఆయిల్‌కి దాదాపు రెట్టింపు ఉంది. క్రాంక్ షాఫ్ట్ ఆ ఆయిల్‌ని చిలికి నురుగు చేస్తుంది, సైలెన్సర్ నుంచి నీలం కలిసిన తెల్లటి పొగ రావచ్చు. ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ పంపుకి పీల్చడానికి ఆయిలే లేదు కాబట్టి కొద్ది దూరంలోనే కదలడం మానేస్తుంది. మాన్యువల్ మోసం చేస్తుంది, పళ్లకి అంటుకున్న ఆయిల్ పొరతో కొన్ని కిలోమీటర్లు బాగానే నడుస్తుంది, తర్వాత సన్నగా ఈల వేసినట్టు మోత, ఆపైన బేరింగ్ పట్టేయడం.

దీన్ని ఎవరికి వారే పట్టుకోవచ్చు. సర్వీసింగ్ నుంచి తెచ్చుకున్నాక ఇంజిన్ చల్లారనిచ్చి, చదునైన చోట, ఆయిల్ మట్టం చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. ఆయిల్ పై గీత దాటి చాలా పైకి ఉంటే, లేదా కొత్త ఆయిల్ పోశామన్నా నల్లగానే ఉంటే (డీజిల్ ఇంజిన్లలో కొత్తది కూడా త్వరగానే నల్లబడుతుంది, అది వేరే సంగతి) ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకూడదు. రెండు నిమిషాల పని ఇది, ప్రతి ఒక్కరూ చేయాలి.

ఆయిల్ మట్టం, మన ఎండలు

ఆటోమేటిక్‌లో ఆయిల్ ఒక్క పళ్లు తడపడానికే కాదు. దాని ఒత్తిడితోనే లోపలి క్లచ్‌లు పట్టుకుంటాయి, గేర్లు మారతాయి, వేడి కూడా అదే మోసుకెళ్తుంది. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది, క్లచ్‌లు జారి కాలిపోతాయి. ఎక్కువైనా మంచిది కాదు. తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురుగు పట్టిస్తాయి, నురుగుతో ఒత్తిడి నిలబడదు. అంటే రెండు తప్పులకీ లక్షణాలు దాదాపు ఒకటే.

ఈ మట్టం చూడటమే ఒక పెద్ద పని. ఇప్పటి చాలా ఆటోమేటిక్‌లకు డిప్‌స్టిక్ ఇవ్వరు. కారు లిఫ్ట్ మీద సమంగా ఉండాలి, ఇంజిన్ నడుస్తుండాలి, గేర్లన్నీ ఒకసారి వేసి తీయాలి, ఆయిల్ వేడి కంపెనీ చెప్పిన హద్దులో ఉన్నప్పుడు కింది బోల్టు విప్పితే సన్నగా కారి ఆగాలి. ఆ హద్దు కొన్నింటికి 35 నుంచి 45 డిగ్రీలు, కొన్నింటికి వేరు. కొన్ని కార్లకు ఇంజిన్ ఆపిన వెంటనే చూడమంటారు. ఒక కారు పద్ధతి ఇంకో కారుకి పనికిరాదు.

బెజవాడ మే నెలలో ఈ పని ఎంత ఇబ్బందో ఆలోచించండి. రేకుల షెడ్డులో మధ్యాహ్నం నిలబెట్టిన కారు ఆయిల్, ఇంజిన్ తిప్పకముందే 40 దాటి ఉంటుంది, ఇంజిన్ స్టార్ట్ చేశాక 45 దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఆయిల్ వేడెక్కితే ఉబ్బుతుంది. 7 లీటర్ల ఆయిల్ 40 డిగ్రీలు అదనంగా వేడెక్కితే సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. వేడి మీద బోల్టు విప్పితే ఆ పెరిగిందంతా ఎక్కువైందని కింద కారిపోతుంది, చల్లారాక చూస్తే మట్టం తక్కువ. మర్నాడు పొద్దున తీస్తే డ్రైవ్ పడటానికి ఆలస్యం, కాసేపు నడిచాక బాగానే ఉండటం, ఇవి దీనికి తగిన లక్షణాలు. ఎండాకాలంలో ఆటోమేటిక్ ఆయిల్ పని ఏదైనా పొద్దున మొదటి బండిగా చేయించుకోవాలి. స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ చేస్తున్నారా లేదా అని అడగటంలో తప్పేం లేదు.

"ఏ ఆయిలైనా ఒకటే" కాదు

మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్ డబ్బాల మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. అయిదు పెద్ద నంబరు కాబట్టి మంచిదనుకోవడం సహజం. జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ కలిసిన రసాయనాలు ఎక్కువ, అది లారీలు, జీపుల వెనక యాక్సిల్ పళ్ల మీద పడే విపరీతమైన ఒత్తిడి కోసం. కారు గేర్‌బాక్స్‌లో గేరు మారేటప్పుడు రెండు పళ్ల చక్రాల వేగాన్ని సమం చేసే ఇత్తడి రింగులుంటాయి, అవి పట్టుకుంటేనే గేరు పడుతుంది. మరీ జారుడు ఆయిల్ పోస్తే ఆ పట్టు తగ్గుతుంది, కొన్ని జీఎల్-5 ఆయిళ్లు ఇత్తడిని తినేస్తాయి కూడా. జీఎల్-4 అడిగిన కారులో జీఎల్-5 పోయించుకున్న నాటి నుంచి రెండో గేరు గరగరమంటుంటే ముందు ఆయిల్ మార్చి చూడాలి.

సీవీటీ రకం ఆటోమేటిక్‌లలో ఈ పొరపాటుకి క్షమాపణ లేదు. అందులో గేర్లుండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. ఇనుము మీద ఇనుము జారకుండా పట్టుకోవాలి, అరిగిపోకూడదు కూడా, ఆ రెండూ సాధించేది సీవీటీ ఆయిల్. దాని బదులు మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే బెల్టు జారి పుల్లీ మీద గీతలు పడతాయి. తర్వాత సరైన ఆయిల్ పోసినా ఆ గీతలు పోవు. బిల్లులో "గేర్ ఆయిల్" అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఒప్పుకోకండి, పేరు, గ్రేడు, ఎన్ని లీటర్లు పోశారన్నది ఉండాలి.

కంపెనీలకే ఆయిల్ విషయంలో దెబ్బ తగిలిన సందర్భం ఉంది. 2013 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లను వెనక్కి పిలిచి, ఏడు గేర్ల డీఎస్‌జీ (ఆ కంపెనీ డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్) గేర్‌బాక్సుల్లో సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోయించింది. బాగా వేడి, ఉక్కపోత ఉండే చోట్ల, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో ఆ సింథటిక్ ఆయిల్ వల్ల గేర్‌బాక్స్ కరెంటు సరఫరాలో లోపాలు వచ్చే అవకాశం ఉందన్నది కారణం. ఖరీదైన ఆయిల్ అన్నది కాదు, ఆ గేర్‌బాక్స్‌కి, ఆ వాతావరణానికి సరిపడే ఆయిలా కాదా అన్నదే లెక్క.

ఏఎంటీ, డీసీటీలకు జ్ఞాపకశక్తి ఉంటుంది

2014లో మారుతి సెలేరియోతో తక్కువ ధర కార్లలోకి ఏఎంటీ వచ్చింది. మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని యంత్రం చేస్తుంది. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో దాని కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది, ప్లేట్ అరిగేకొద్దీ ఆ బిందువును సరిచేసుకుంటుంది. రెండు క్లచ్‌లుండే డ్యూయల్ క్లచ్ (డీసీటీ) బండ్లదీ దాదాపు ఇదే పద్ధతి. బ్యాటరీ తీసి పెట్టినా, క్లచ్‌కి సంబంధించిన పని చేసినా కొన్ని మోడళ్లలో ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు కదిలేటప్పుడు వణుకు, ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు కుదుపు. కొన్ని బండ్లు నడుస్తుండగా వాటంతటవే సర్దుకుంటాయి, కొన్నింటికి స్కానర్‌తో మళ్లీ నేర్పించాలి. మెకానిక్‌లు దీన్నే లెర్నింగ్ అంటారు. పావుగంట పని ఎగ్గొడితే ఓనరుకి వారాల టెన్షన్.

బ్యాటరీ బలహీనమైనా ఇంతే. సరైన వోల్టేజీ లేకపోతే క్లచ్‌ని, గేర్లని కదిలించే పంపు, మోటార్లు పూర్తిగా పనిచేయవు, బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. గేర్‌బాక్స్ పోయిందని తేల్చిన బండికి బ్యాటరీ మారిస్తే బాగుపడటం అసాధ్యమేం కాదు.

కాకి వాలింది, తాటిపండు పడింది

కాకతాళీయం అన్న మాట మనకి ఉండనే ఉంది. కాకి వాలడానికీ పండు రాలడానికీ సంబంధం లేకపోవచ్చు. బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు దగ్గర రోజూ హాఫ్ క్లచ్ మీద పాకే బండి క్లచ్ ప్లేట్ ఏదో ఒక రోజు అయిపోవాల్సిందే, అది సర్వీసింగ్ అయిన వారానికే కావచ్చు. ఆ నింద షెడ్డు మీద వేయడం న్యాయం కాదు.

సర్వీసింగ్ వల్ల బయటపడే పాత జబ్బులు వేరు. లక్ష కిలోమీటర్లు తిరిగిన ఆటోమేటిక్‌కి మొదటిసారి ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుందనే భయం జనంలో ఉంది. అందులో సగం నిజం. చాలామంది ఆయిల్ మార్చేది గేర్లు జారడం మొదలయ్యాకే. అప్పటికే క్లచ్‌లు అరిగి, ఆ పొడి ఆయిల్‌లో కలిసి ఉంటుంది, కొత్త ఆయిల్ ఆ అరుగుదలని పూడ్చలేదు. బలవంతంగా ప్రెషర్‌తో ఫ్లష్ చేస్తే పేరుకున్న మడ్డి కదిలి సన్న దారుల్లో ఇరుక్కోవచ్చు. అలాగని అసలు మార్చకపోవడం మందు కాదు. "లైఫ్‌టైమ్ ఆయిల్" అని కొన్ని కార్ల కంపెనీలు చెప్పినా, ఎన్నో కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ కంపెనీ జెడ్ఎఫ్ తన గేర్‌బాక్సులకి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటుంది. డ్రెయిన్ చేస్తే చాలావాటిలో సగం ఆయిలే దిగుతుంది, మిగతాది ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. పాత బండికి కొన్ని వేల కిలోమీటర్ల తేడాతో రెండు మూడు సార్లు మామూలుగా డ్రెయిన్ చేసి నింపడమే నెమ్మదైన, భద్రమైన దారి.

విజయవాడకి ప్రత్యేకంగా ఇంకో కారణం ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. గేర్‌బాక్స్ పైన ఆవిరి పోవడానికి చిన్న గొట్టం ఉంటుంది, కారు మునిగితే నీళ్లు దాని గుండా లోపలికి వెళ్తాయి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకి మారుతుంది, ఆటోమేటిక్ క్లచ్‌ల పై పొరను పట్టి ఉంచే జిగురు నీళ్లకి ఊడుతుంది, బేరింగులు తుప్పు పడతాయి. సీట్లు, కార్పెట్లు మార్చి పాలిష్ కొట్టి అమ్మిన బండిలో ఈ జబ్బు నెలల తర్వాత బయటపడొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకి మొదటి సర్వీసింగ్‌లోనే గేర్లు చెడితే ఆ కోణం కూడా చూడాలి.

ఎన్ని కిలోమీటర్లకు మొదలైంది?

గేటు దాటాక మొదటి ఐదారు కిలోమీటర్లలోనే వస్తే చేతి పొరపాటు మీదే ఎక్కువ అనుమానం: ఆయిల్ లేకపోవడం, కనెక్టర్ ఊడటం, క్లచ్ లైన్‌లో గాలి, లెర్నింగ్ చేయకపోవడం. కొన్ని రోజులకు వస్తే బోల్టు దగ్గర లీకు, మట్టం తక్కువ, తప్పు ఆయిల్, నీళ్లు దిగిన కనెక్టర్. పార్కింగ్ చోట నేల మీద మరక ఉందేమో చూస్తే లీకు సంగతి తేలిపోతుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ పాతదే మళ్లీ వేసినా చుక్క చుక్క కారుతుంది. నెలలు గడిచాక వస్తే, తప్పు ఆయిల్ పోసిన రుజువు ఉంటే తప్ప సర్వీసింగ్‌కి ముడిపెట్టడం కష్టం.

కంప్యూటర్ ఉన్న గేర్‌బాక్సుల్లో దీనికి సాక్ష్యం కారులోనే ఉంటుంది. లైటు వెలిగిన క్షణంలో లోపాన్ని సూచించే కోడ్ నమోదవుతుంది, చాలా కార్లలో అప్పటి వేగం, ఇంజిన్ వేడి, కొన్నింటిలో కిలోమీటర్లు కూడా దాచి ఉంటాయి. పీ0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉందని చెప్పడమే, అసలు జబ్బు అది కాదు, దాని వెనకున్న రెండో కోడ్ చదవాలి. పీ0562 ఉంటే వోల్టేజీ తక్కువైందని, బ్యాటరీ వైపు వెళ్లాలి. కోడ్లు చెరిపేయక ముందే స్కానర్ తెర ఫొటో తీసుకోవాలి, చెరిపేశాక వాదించడానికి ఏమీ మిగలదు.

తిరిగి తీసుకెళ్లేటప్పుడు

కదలని ఆటోమేటిక్‌ని తాడు కట్టి లాక్కెళ్లొద్దు. ఇంజిన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్ పంపు తిరగదు, చక్రాలు మాత్రం లోపలి భాగాల్ని ఆయిల్ అందకుండానే తిప్పుతుంటాయి. నాలుగు చక్రాలూ నేల నుంచి లేచే ఫ్లాట్‌బెడ్ బండి పిలిపించాలి. ఆ ఖర్చు ఎక్కువనిపించినా గేర్‌బాక్స్ ముందు లెక్కలోది కాదు.

వర్క్‌షాపులో కొత్త జాబ్ కార్డు రాయించి, అందులో ఫిర్యాదు మీ మాటల్లోనే ఉండేలా చూసుకోవాలి: "సర్వీసింగ్ నుంచి బయల్దేరాక 14 కి.మీ.కి డ్రైవ్‌లో కదలడం లేదు" అన్నట్టు. ఫోన్లో చెప్పిన మాటకి తర్వాత విలువ ఉండదు. ముందు ఇంజిన్ డిప్‌స్టిక్, తర్వాత గేర్‌బాక్స్ మట్టం, ఆయిల్ రంగు, వాసన, బ్యాటరీ వోల్టేజీ, కనెక్టర్లు, కోడ్లు. ఇవన్నీ మీ ముందే చూడమనాలి. తీసిన ఆయిల్ ఒక సీసాలో పట్టుకోవాలి. ఇన్ని చూశాక కూడా కారణం దొరక్కపోతే అప్పుడు గేర్‌బాక్స్ దించడానికి అర్థముంటుంది.

పొరపాటు తమదేనని ఒప్పుకొని సరిచేసే మేస్త్రీలు ఆటోనగర్‌లో ఉన్నారు, వాళ్లతో గొడవ అవసరం లేదు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉండే ఊళ్లోని జిల్లా కమిషన్‌లోనే సేవాలోపం కేసు వేయొచ్చు, రెండేళ్లు గడువు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అక్కడ మాటలకన్నా పనికొచ్చేది రెండు జాబ్ కార్డుల మీద ఉన్న రీడింగులు. కారు అప్పగించినప్పుడు 40,112 అని, ఆగిపోయాక తిరిగి తెచ్చినప్పుడు 40,126 అని ఉంటే, మధ్యలో ఉన్న 14 కిలోమీటర్లకి వర్క్‌షాపు జవాబు చెప్పాల్సి వస్తుంది.